రెండు నూళ్ళ వదులు

"ఇయ్యాళ ఎన్ని తలుపులు చేశావే?"

ఫోన్ ఎత్తగానే నాన్న అడిగే మొదటి ప్రశ్న ఇది. అన్నం తిన్నావా, ఆఫీసు నుంచి వచ్చేశావా లాంటివన్నీ అమ్మ వాటా. నేను చేసే పనేమిటో ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలని ఒకసారి "తలుపులు చేస్తాను" అన్నాను. మొదట నవ్వాడు. తర్వాత ఆ మాటే పట్టుకున్నాడు.

"ఒకటే నాన్నా."

"రోజంతా కూచుని ఒకటేనా? నేనూ మీ బాబాయీ కలిస్తే రెండ్రోజుల్లో ఓ ద్వారబంధం దించేసేవాళ్ళం."

"ఒకటేగానీ, నాలుగడుగుల గుమ్మానికి పెట్టినా సరిపోద్ది, రెండున్నర అడుగుల గుమ్మానికి పెట్టినా సరిపోద్ది. అంకె మారిస్తే చాలు, దానంతటదే మారిపోద్ది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అలాంటి తలుపే నా దగ్గరుంటే నీ ఫీజుకి అప్పు చేసేవాణ్ణి కాదు గదా" అన్నాడు.

మాది వడ్రంగుల ఇల్లు. జంగారెడ్డిగూడెం వైపు ఒక ఊరు. తాత నాగళ్ళూ బండిచక్రాలూ చేసేవాడట. నాన్న కాలానికి ట్రాక్టర్లొచ్చి నాగళ్ళు పోయాయి, ఆయన గుమ్మాలూ కిటికీలూ మంచాలకి మళ్ళాడు. పెరట్లో రేకుల పాక, అందులో చెక్కపొట్టు వాసన. నేనూ తమ్ముడూ ఆ పొట్టులోనే ఆడుకున్నాం. కానీ బాడిస ముట్టుకుంటే మాత్రం నాన్నమ్మ ఊరుకునేది కాదు. దసరాకి పనిముట్లన్నీ కడిగి పసుపూ కుంకుమా పెట్టే పని నాది. పెట్టాక వాటిని ఎత్తి గూట్లో సర్దే పని తమ్ముడిది. వాడికి పదమూడేళ్ళప్పుడు ఉలి చేతికిస్తే రెండో రోజే బొటనవేలు కోసుకున్నాడు, మళ్ళీ ఆ పాక వైపు చూడలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, అమీర్‌పేటలో మూణ్ణెల్ల కోర్సు చేసి, ఒక ఆఫీసులో చేరాను. విదేశాల్లో కట్టే భవనాలకి ఇక్కడ కూర్చుని మోడల్స్ గీసే ఆఫీసు. మా ఇంట్లో ఇప్పుడు తలుపులు చేసేది నేనొక్కదాన్నే. అవి తెర మీద ఉంటాయి, అంతే తేడా.

నేను వాడే సాఫ్ట్‌వేర్ పేరు రెవిట్. 'రివైజ్ ఇట్' అన్న మాటల్లోంచి ఆ పేరు పుట్టిందంటారు. 1997లో లియొనిడ్ రైజ్, అర్విన్ యుంగ్రైస్ అనే ఇద్దరు అమెరికాలో పెట్టిన కంపెనీ దీన్ని తయారు చేసింది. అంతకుముందు వాళ్ళు యంత్రభాగాల డిజైన్‌కి వాడే ప్రో-ఇంజినీర్ తయారుచేసిన కంపెనీలో పనిచేశారు. ఒక బోల్టు వ్యాసం మారిస్తే దాని రంధ్రం కూడా మారే పద్ధతి యంత్రాల డిజైన్‌లో అప్పటికే ఉంది. దాన్ని ఇళ్ళకి తెచ్చారు. 2000లో మొదటి వెర్షన్ వచ్చింది, 2002లో ఆటోడెస్క్ ఆ కంపెనీని 13 కోట్ల 30 లక్షల డాలర్లకి కొనేసింది. మూలం కోసం ఇంకా వెనక్కి వెళితే 1963 దగ్గర ఆగుతాం. ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. తెర మీద లైట్‌పెన్నుతో గీయడం ఒక్కటే కాదు దాని గొప్ప. ఒక మూలబొమ్మ గీసి దానికి ఎన్ని ప్రతులైనా పెట్టుకోవచ్చు. మూలం మారిస్తే ప్రతులన్నీ మారతాయి. ఈ రెండు గీతలూ ఎప్పుడూ సమాంతరంగానే ఉండాలి, ఈ రెండూ ఎప్పుడూ ఒకే పొడవుండాలి అని కట్టడి చెయ్యొచ్చు. నేను ఆఫీసులో పొద్దుణ్ణించి సాయంత్రం దాకా చేసేది ఈ రెండు పనులే.

రెవిట్‌లో ఇలా అంకె మారిస్తే మారే వస్తువుని 'ఫ్యామిలీ' అంటారు. నాన్నకి ఈ మాట భలే నచ్చింది. "తలుపుకి కుటుంబమేంటే" అని అమ్మతో చెప్పి నవ్వాడు. తలుపు ఒక ఫ్యామిలీ. అందులో మూడడుగుల తలుపు, మూడున్నర అడుగుల తలుపు అనేవి 'టైపులు'. భవనంలో ఫలానా గదికి పెట్టిన ఫలానా తలుపు ఒక 'ఇన్‌స్టన్స్'.

ఫ్యామిలీ చెయ్యడంలో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే. వెంటనే చెక్క గీసేస్తారు. నేనూ అదే చేశాను. అందంగా చట్రం గీశాను, పలకలు గీశాను, గొళ్ళెం కూడా పెట్టాను. వెడల్పు 900 నుంచి 1200కి మార్చగానే తలుపు కుడివైపుకి మాత్రమే లావెక్కి, గోడలో రంధ్రం ఉన్నచోటే ఉండిపోయింది, గొళ్ళెం గాల్లో తేలింది. తెర మీద ఒక పెట్టెలో 'కన్‌స్ట్రెయింట్స్ ఆర్ నాట్ సాటిస్‌ఫైడ్' అని. మా సీనియర్ ఒకావిడ వచ్చి చూసి, మొత్తం చెరిపేయమంది. ముందు రిఫరెన్స్ ప్లేన్లు గీయాలి. అవి ఆకుపచ్చ గీతలు, అచ్చులో కనిపించవు, భవనంలో కనిపించవు. ఎడమ అంచుకొకటి, కుడి అంచుకొకటి, నడిమికొకటి. వాటి మధ్య దూరం కొలిచి ఆ కొలతకి ఒక పేరు పెట్టాలి, 'వెడల్పు' అని. నడిమి గీతకి అటూ ఇటూ సమానం అని కట్టాలి. అప్పుడు చెక్కేమీ లేకుండానే వెడల్పు మార్చి చూడాలి. గీతలు అటూ ఇటూ సరిగ్గా జరిగితే అప్పుడు చెక్క గీసి దాని అంచుల్ని ఆ గీతలకి తాళం వెయ్యాలి. మళ్ళీ అంకె మార్చి చూడాలి. దీన్ని ఫ్లెక్స్ చెయ్యడం అంటారు. ఒక్కో చెక్క కలిపినప్పుడల్లా ఫ్లెక్స్ చెయ్యాలి. అన్నీ పెట్టాక ఒకేసారి చేస్తే ఎక్కడ విరిగిందో తెలీదు.

ఆవిడ ఇది చెబుతుంటే నాకు మా పాక గోడకి వేలాడే బద్దలు గుర్తొచ్చాయి. నాన్న టేపు పెట్టి ప్రతి ముక్కా కొలవడు. ఒక ఇంటి పని ఒప్పుకోగానే సన్నటి వెదురుబద్ద చీల్చి చిత్రిక పట్టి, ఆ ఇంటి గుమ్మం కొలతలన్నీ దాని మీదే గీతలు పెట్టుకుంటాడు. ఇక్కడ బెజ్జం, ఇక్కడ కుసి, ఇక్కడ అడ్డకర్ర, ఇక్కడ గడప పై అంచు. బద్దని కర్ర మీద పెట్టి గీతలు దించుకోవడమే. అంకెలుండవు, చదవక్కర్లేదు, తప్పు చదవడమూ ఉండదు. ఇంటికో బద్ద. దాని చివర పెన్సిలుతో ఇంటిపేరు. పని అయిపోయినా పారెయ్యడు. పదేళ్ళ తర్వాత వాళ్ళు ఇంకో గది వేసుకుంటే ఆ బద్దే తీస్తాడు.

అయితే బద్ద సాగదు. మూడున్నర అడుగుల బద్ద ఎప్పటికీ మూడున్నర అడుగులే. సాగేది ఆయన బుర్రలో ఉంది. వెడల్పు పెరిగితే కుసి ఎంత పొడుగుండాలి, పలకలు రెండు కాక మూడు ఎప్పుడు వెయ్యాలి అన్నవి ఏ బద్ద మీదా లేవు. ఈ తేడా నాకు చాలా కాలం తట్టలేదు.

ఇప్పుడు చెప్పేది చెప్పుకోవాలని లేని సంగతి. మూడేళ్ళ క్రితం, ఒక పెద్ద స్కూలు ప్రాజెక్టు. వేరే దేశంలో. దాని తలుపుల ఫ్యామిలీలన్నీ నేనే చేశాను. తలుపు చట్రం లోతు గోడ మందాన్ని బట్టి ఉండాలి. అంటే చట్రం రెండు ముఖాల్నీ గోడ రెండు ముఖాలకీ తాళం వేస్తే, గోడ ఎంత మందమైతే చట్రం అంత లోతు అవుతుంది. సరైన పద్ధతి అదే. కానీ ఆ ప్రాజెక్టులో గోడలకి పొరలెక్కువ, జిప్సమ్ పొర దాకా రావాలా టైల్ దాకా రావాలా అన్నది ఒక్కో గోడకి ఒక్కోలా ఉంది, తాళం వేసిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఎర్రర్ వస్తోంది. మర్నాడు పంపాలి. లోతుని ఒక మామూలు అంకెగా పెట్టేశాను, 120 అని. అదీ ఇన్‌స్టన్స్ అంకె కాదు, టైప్ అంకె. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. తర్వాత అన్నది రాలేదు.

ఇన్‌స్టన్స్ అంకె మారిస్తే ఆ ఒక్క తలుపే మారుతుంది. టైప్ అంకె మారిస్తే ఆ టైపు తలుపులన్నీ మారతాయి. నాలుగు నెలల తర్వాత, మా టీములోకి కొత్తగా వచ్చిన కుర్రాడు లిఫ్టు పక్క గోడ లావుగా ఉందని అక్కడి తలుపు చట్రాన్ని 120 నుంచి 150 చేశాడు. ఒక్క తలుపు మారుస్తున్నాననుకున్నాడు. భవనంలో ఆ టైపువి రెండు వందల పైచిలుకు ఉన్నాయి. అన్నీ 150 అయ్యాయి. తలుపుల పట్టిక కూడా దానంతటదే మారిపోయింది, దాన్ని రాత్రికి రాత్రే పంపేశాం. అక్కడ చట్రాలు చేసేవాళ్ళు మొదటి విడత కోసేశాక గానీ బయటపడలేదు.

మీటింగులో అందరూ ఆ అబ్బాయినే అడిగారు. టైప్ మార్చేముందు డూప్లికేట్ చేసుకోవాలని తెలీదా? తెలియాలి, నిజమే. కోర్సులో మొదటి వారంలోనే చెప్తారు. అతను తల వంచుకుని కూర్చున్నాడు. నేను అతని పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆ లోతు అసలు చేత్తో మార్చే అంకెగా ఉండకూడదని, అది గోడని చూసి తనంతట తానే మారాల్సిందని, దాన్నలా వదిలేసింది నేనేనని ఆ గదిలో తెలిసింది నా ఒక్కదానికే. నేను ఏమీ అనలేదు. రెండు రోజులు అనలేదు. మూడో రోజు మా లీడ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన విని, "అయినా డూప్లికేట్ చెయ్యాల్సింది అతనే గదా" అని వేరే పనిలో పడ్డాడు. ఆ నెలాఖరుకి ఆ అబ్బాయిని ప్రొబేషన్‌లోనే పంపించేశారు. నేను మెసేజ్ పెట్టాను, జరిగిందంతా రాసి. "పర్లేదక్కా" అని వచ్చింది. ఆ ఒక్క మాటే.

ఇది నాన్నకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, అమ్మకి చెప్పలేదు. ఆయన కాసేపు ఊరుకుని, తను ఒకసారి పాత బద్ద పట్టుకుని కొత్త ఇంటి టేకు కోసేసిన సంగతి చెప్పాడు. బద్ద చివర పేరు చెరిగిపోయిందట. అంగుళంన్నర పొట్టి. ఆ రోజు కోత పట్టింది మా బాబాయి, బద్ద చేతికిచ్చింది నాన్న. "ఆ కర్ర డబ్బులు నేనే కట్టా. మీ అమ్మ గాజులు అప్పుడే పోయినియ్యి" అన్నాడు. బాబాయికి ఈ సంగతి తెలుసా అని అడిగితే, "ఆడి ముందే గదా ఇచ్చింది" అన్నాడు. ఆ తర్వాత వానల గురించి మాట్లాడాడు.

నేను రెండు రోజులు ఆలస్యమయ్యానని ఆయన అనలేదు. అంటే బాగుండేది.

కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్ పట్టుకెళ్ళాను. నాన్న చేసే గుమ్మాన్ని ఫ్యామిలీగా చెయ్యాలని. ఆఫీసు కోసం కాదు. ఆ మధ్య ఆయనకి పని బాగా తగ్గిపోయింది. జనం పట్నం నుంచి రెడీమేడ్ తలుపులు, ప్లాస్టిక్ కిటికీలు తెచ్చుకుంటున్నారు. చట్రాలకి గ్రానైట్ వాడేవాళ్ళూ ఉన్నారు. నాన్న వాటిని బిగించడానికి వెళ్తాడు. తను చెయ్యని తలుపుకి బందులు వేసి రావడం ఆయనకి ఎలా ఉంటుందో నేనెప్పుడూ అడగలేదు. ఒకప్పుడు ద్వారబంధం ఎత్తే రోజు పసుపు రాసి, మామిడాకులు కట్టి, గుడ్డలో నవధాన్యాలు మూటగట్టి పైన బిగించి, ఇంటివాళ్ళు ముందు వడ్రంగికి బట్టలు పెట్టేవారు. రెడీమేడ్ తలుపు వచ్చిన ఇంట్లో ఆయనకి కూలీ ఇస్తారు. అది కూడా ఫోన్‌లోనే వేస్తారు.

పాకలోనే కూర్చున్నాం. ఆయన స్టూలు మీద, నేను పీట మీద, లాప్‌టాప్ ఒక దుంగ మీద. తొలి కష్టం కొలతల్లోనే వచ్చింది. ఆయన లెక్క అంగుళాలూ నూళ్ళూ. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. అంటే నూలు 3.175 మిల్లీమీటర్లు. రెవిట్‌లో యూనిట్లు అంగుళాల్లోకి మార్చి, ఎనిమిదో వంతుకి సరిచేసేలా పెట్టుకున్నాను. మయమతంలో ఎనిమిది యవలు ఒక అంగుళమని ఎక్కడో చదివాను, ఆ మాట చెబితే నాన్న పెద్దగా పట్టించుకోలేదు. "ఎనిమిదైతే సగం, సగంలో సగం చెయ్యడానికి ఈజీ" అన్నాడు. అంతకన్నా మంచి కారణం నాకూ తెలీదు.

ప్లేన్లు గీశాను. వెడల్పు మూడున్నర అడుగులు, ఎత్తు దానికి రెట్టింపు, ఏడడుగులు. ఎత్తుకి ఫార్ములా రాస్తూ ఉంటే ఆయన వంగి చూశాడు. వెడల్పు మార్చాను, ఎత్తు దానంతటదే పెరిగింది. "ఇంకోసారి చెయ్యి" అన్నాడు. మళ్ళీ చేశాను. చిన్నపిల్లాడిలా పన్నెండడుగులు పెట్టమన్నాడు, రెండడుగులు పెట్టమన్నాడు. పన్నెండడుగుల తలుపుని చూసి నవ్వి, వెంటనే నవ్వాపేసి, "అంత ఎత్తుకి మూడు బందులేంటే? పడిపోద్ది" అన్నాడు.

అక్కణ్ణించి అసలు పని మొదలైంది. ఏడడుగుల దాకా మూడు బందులు, దాటితే నాలుగు. ఇది రెవిట్‌లో ఒక 'ఇఫ్' వాక్యం. రాశాను. మూడు బందుల్నీ నాకిష్టమైన సమానం గుర్తు పెట్టి సరిగ్గా సమదూరంలో సర్దాను. ఆయన ఒప్పుకోలేదు. మధ్య బందు మధ్యలో ఉండకూడదట, పైకి జరపాలట. తలుపు బరువు పై బందునే బయటికి లాగుతుంది కాబట్టి మధ్యది దానికి సాయంగా దగ్గరలో ఉండాలి. ఆరేళ్ళుగా నేను సమానం గుర్తు పెడుతున్నాను. ఎవరూ అడగలేదు.

తర్వాత సందు. తలుపు రెక్కకీ చట్రానికీ మధ్య ఎంత వదులు ఉంచాలి? నేను ఆఫీసులో 3 మిల్లీమీటర్లు పెట్టేస్తాను, అన్ని తలుపులకీ, అన్ని వైపులా. నాన్న అడిగింది వేరు.

"ఏ నెల్లో చేస్తన్నావు?"

"అంటే?"

"ఎండాకాలం చేసిన తలుపు ఎండి ఉంటది. వానాకాలం వస్తే ఉబ్బుద్ది. అందుకని రెండు నూళ్ళ వదులు పెట్టాలి. వానల్లో చేస్తే అప్పటికే ఉబ్బి ఉంటది గాబట్టి ఒక నూలు చాలు. రెండు పెట్టావనుకో, ఎండల్లో బల్లి దూరిపోద్ది."

"అన్ని పక్కలా?"

"నిలువునా ఎందుకు ఉబ్బుద్దే? చెక్క అడ్డంగానే ఉబ్బుద్ది. పైనా కిందా నీ ఇష్టం."

ఈ మాట పుస్తకాల్లో ఉన్నదే. చెక్క పీచు పొడవునా దాదాపు సాగదు, పీచుకి అడ్డంగానే తేమని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. తలుపు పలకల్ని గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టేదీ అందుకే. నేను డిప్లొమాలో చదివి పరీక్షలో రాశాను కూడా. కానీ తలుపు వెడల్పు, అది తయారైన నెల మీద ఆధారపడే అంకె అని నాకు ఎప్పుడూ తోచలేదు. 'నెల' అని ఒక అంకె చేర్చాను. మార్చి నుంచి జూన్ దాకా అయితే రెండు నూళ్ళు, లేకపోతే ఒకటి, రెండు పక్కలా కలిపి. నెల మారిస్తే తలుపు తెర మీద కంటికి కనిపించనంత సన్నబడింది. అంత జూమ్ చేసి చూపిస్తే నాన్న "ఆఁ" అన్నాడు.

చెక్క జాతి కూడా చేర్చాం. టేకు తక్కువ ఉబ్బుద్ది, వేపకి ఇంకో అర నూలు. తర్వాత ఆయన అడిగింది పెట్టడానికి నా దగ్గర పద్ధతి లేదు. ద్వారబంధం నిలువుకర్రల్లో చెట్టు మొదలు వైపు కిందకి, కొస పైకి ఉండాలి. తలకిందులుగా నిలబెట్టకూడదు. కోసిన కర్రలో ఏది మొదలో తెలీకపోతే ఎలా అంటే, పీచు చూస్తే తెలుస్తుందన్నాడు, ముడి ఎటు తిరిగిందో చూస్తే తెలుస్తుందన్నాడు. తెర మీది కర్రకి పీచు లేదు. అది ఒక ఫొటో, నాలుగడుగులకోసారి అదే ముడి మళ్ళీ వస్తుంది. ఆ సంగతి నాన్న కనిపెట్టేశాడు. "ఇదే ముడి మళ్ళీ వచ్చిందేంటి?" చివరికి 'మొదలు కిందకి' అని ఒక అవును-కాదు గడి పెట్టాను. టిక్కు పెడితే ఏమీ జరగదు. తీసేసినా ఏమీ జరగదు. అయినా పట్టికలో వస్తుంది, చదివేవాళ్ళుంటే చదువుతారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక తన నోటుబుక్కు తెచ్చాడు. తాత చేతిరాత, తర్వాత నాన్నది. ఆయం లెక్కలు. ఇంటి వైశాల్యాన్ని తొమ్మిదితో హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఆయం. ఒకటి మిగిలితే ధ్వజం, రెండు ధూమం, మూడు సింహం, అలా కాకం దాకా. బేసివి మంచివి. నాకు వీటి మీద నమ్మకం లేదు, నాన్నకి ఎంతుందో నేను చెప్పలేను. కానీ ఇది కూడా ఫార్ములాయే గదా అని రాయబోయాను. రెవిట్‌లో శేషం కనుక్కునే ఫంక్షన్ లేదు, భాగించి, కిందికి సరిచేసి, మళ్ళీ గుణించి తీసెయ్యాలి. ముందు 'ఇన్‌కన్‌సిస్టెంట్ యూనిట్స్' అంది, చదరపు కొలతని మామూలు అంకె చెయ్యనిదే ఒప్పుకోదు. అది సరిచేశాక అనిపించింది, పూర్ణసంఖ్యని తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగించినా, అసలు గుణించకుండా భాగించినా శేషం ఒకటే వస్తుంది. తొమ్మిదిలో ఎనిమిది పోతే ఒకటే గదా మిగిలేది.

"నాన్నా, ఈ తొమ్మిది అక్కర్లేదు."

కాగితం మీద మూడు నాలుగు ఇళ్ళ లెక్కలు వేసి చూశాడు. నిజమే. తాత కాలం నుంచి అందరూ తొమ్మిదితో గుణిస్తూనే వచ్చారు. పెన్సిలు చెవిలో పెట్టుకుని, "అయినా గుణించే రాయి" అన్నాడు. గుణించే రాశాను. ఫార్ములా కాస్త పొడుగైంది, ఎవరికీ నష్టం లేదు.

సాయంత్రానికి ఫ్యామిలీ పూర్తయింది. దాన్ని సేవ్ చేసేటప్పుడు పేరు అడిగింది. మా ఆఫీసులో పేర్లకి పద్ధతి ఉంది, కంపెనీ కోడ్, వర్గం, రకం, అంకె. అలవాటు కొద్దీ అలాగే టైపు చేయబోతే నాన్న, "పేరు రాయవా? బద్ద మీద రాస్తాం గదా" అన్నాడు. ఏ ఇంటిపేరు రాయాలి? ఇది ఏ ఇంటిదీ కాదు. మా ఇంటిపేరే రాశాను.

దాన్ని ఏ ప్రాజెక్టులోనూ వాడలేదు. వాడే అవకాశమూ లేదు, మేం చేసే భవనాల్లో తలుపులు ఉక్కువీ లామినేట్‌వీ, వాటికి ఆషాఢమాసం తెలీదు. ఒక్కటి మాత్రం మారింది. కొత్త ఫ్యామిలీ చేసేటప్పుడు టైప్ అంకెలు ఏవో, ఇన్‌స్టన్స్ అంకెలు ఏవో, వాటిని అలా ఎందుకు పెట్టానో ఒక ఖాళీ టెక్స్ట్ గడిలో రాసిపెడుతున్నాను. నా పేరు కూడా. లీడ్ చూసి, ఇదెందుకు ఫైలు బరువు పెంచడానికి కాకపోతే అన్నాడు. తీయలేదు. చట్రం లోతుని గోడకి తాళం వేసే పద్ధతి కూడా ఎట్టకేలకి కుదిరింది, రెండు ఆదివారాలు పట్టింది. ఆ స్కూలు కట్టడం ఎప్పుడో అయిపోయింది. ఆ అబ్బాయి ఇప్పుడు వేరే ఊళ్ళో వేరే పనిలో ఉన్నాడని విన్నాను.

వచ్చేటప్పుడు గోడ మీది బద్ద ఒకటి అడిగాను. పేరు చెరిగిపోయినది, ఆ అంగుళంన్నర బద్ద. ఇంకా ఉంచుకున్నాడు. ఏడడుగుల బద్దని బస్సులో తేవడం ఎంత అవస్థో చెప్పలేను. కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టనా అని అడిగాడు. ఇప్పుడు నా అద్దె గదిలో మంచం వెనక నిలబడి ఉంది, సీలింగుకి రెండడుగుల కింద.

మొన్న ఆగస్టులో ఆ గది బాత్రూం తలుపు పట్టేసింది. చట్రం గీరుకుంటోంది, భుజంతో నెడితే గానీ మూసుకోదు. ఓనరు మనిషిని పంపిస్తానన్నాడు, అంచు చిత్రిక పట్టిస్తానన్నాడు. నాన్నకి ఫోన్ చేశాను.

"వద్దనే చెప్పు. ఇప్పుడు చెక్కాడంటే ఎండల్లో సందులోంచి చెయ్యి పట్టుద్ది. సంక్రాంతి దాకా ఆగు, అదే వదులవుద్ది."

"అప్పటిదాకా?"

"నెట్టుకో."

ఓనరుకి వద్దని చెప్పాను. ఇప్పుడు అక్టోబరు. పొద్దున్నే భుజంతో నెడుతున్నాను.